అన్నాకి ఎంపిక ఉందా?

వీడియో గేమ్ అనగానే తుపాకులు, మగపిల్లల కాలక్షేపం అనుకుంటాం. సాహిత్యం చదువుకున్నవాళ్ళం అటు చూడకపోవడానికి అదొక కారణం. కానీ ఒక్కరమే కూర్చుని, ఒక పాత్రలోకి ప్రవేశించి పదుల గంటలు ఆడే రోల్ ప్లేయింగ్ ఆటల్లో నవలంత కథ ఉంటుంది. ఆ కథ మనల్ని పట్టి ఉంచేది పోరాటాలతో కాదు, ఆలస్యంగా తెలిసివచ్చే బాధ్యతతో అని నేననుకుంటాను.

పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో తెచ్చిన 'ది విచర్ 3' చూడండి. అందులో మనం గెరాల్ట్‌గా ఆడతాం. అతను కూలికి రాక్షసుల్ని చంపేవాడు. పెంపుడు కూతురు సిరిని వెతుక్కుంటూ, యుద్ధంతో చితికిపోయిన వెలెన్ ప్రాంతానికి వస్తాడు. అక్కడి పెత్తందారు 'బ్లడీ బేరన్' తన భార్య అన్నానీ, కూతురు తమారానీ వెతికిపెడితే సిరి సంగతి చెప్తానంటాడు.

వాళ్ళు తప్పిపోలేదు, పారిపోయారు. తాగుడు, దెబ్బలు, గర్భస్రావం ఒక్కొక్కటే బయటపడతాయి. కొంత ఇంట్లోని ఆనవాళ్ళని బట్టి మనమే పోల్చుకుంటాం, చాలావరకు బేరన్ నోటే వింటాం. భార్యకి ప్రియుడుండేవాడంటాడు, తనని రెచ్చగొట్టేదంటాడు. గృహహింస కథల్లో మనం ఎన్నోసార్లు విన్న భాషే. అయినా అతని మీద జాలి పుడుతుంది. ఎందుకంటే చెప్పుకోడానికి మాటలన్నీ అతనికే ఉన్నాయి.

మధ్యలో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ ఎదురవుతుంది. విడిపిస్తే మంత్రగత్తెల చేతిలో ఉన్న అనాథ పిల్లల్ని కాపాడతానంటుంది. విడిపిస్తే పిల్లలు బతుకుతారు, కానీ ఒక ఊరు నాశనమవుతుంది. పిల్లలు పోయినందుకు మంత్రగత్తెలు అన్నాని శిక్షిస్తారు, ఆమె చనిపోతుంది, బేరన్ ఉరేసుకుంటాడు. ఆత్మని చంపేస్తే పిల్లలు దక్కరు. మతి చెదిరిన అన్నాని బేరన్ వైద్యం కోసం కొండల్లోకి తీసుకెళ్తాడు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఇదంతా మనకి తెలియదు. కథకి ఊ కొట్టేవాళ్ళకి కథలో జరిగేదానితో పూచీ ఉండదు. ఇక్కడ మన ఊతోనే కథ దారి మారుతుంది.

అయితే ఈ నిర్ణయాలన్నీ గెరాల్ట్‌వి. గర్భం వద్దనుకుని మంత్రగత్తెలతో ఒప్పందం చేసుకున్నది అన్నా. తన శరీరం గురించి ఆమె తీసుకున్న ఆ నిర్ణయానికి కథలో దక్కింది వాళ్ళ దగ్గర వెట్టిచాకిరీ. చివరికి చావు, లేకపోతే కొట్టిన మొగుడి వెంట ప్రయాణం. 'నువ్వెక్కడికి వెళ్తావు?' అని ఆమెని అడిగే అవకాశం మనకివ్వలేదు. తమారా తండ్రి దగ్గరికి రానని తెగేసి చెప్తుంది. ఆమెకి దొరికిన నీడ కూడా మతోన్మాదుల దండే.

ఇంటి హింసని ఇంత సూటిగా చూపించినందుకు ఈ ఆటని మెచ్చుకుంటాను. కానీ ఇదే ఆటలో కొన్ని ఘట్టాల్లో మనం సిరిగా ఆడతాం. కత్తి పట్టిన స్త్రీలోకి ప్రవేశం ఉంది, దెబ్బలు తిన్న స్త్రీలోకి లేదు. పాత్రలోకి రమ్మని పిలిచే ఏ కథనైనా ఎవరి పాత్రలోకి రమ్మంటున్నావని అడగాలి. అన్నాగా ఆడితే వెలెన్ ఎలా ఉండేదో చూడాలని నాకుంది.