పెద్దమనుషుల ఒప్పందం: పేరులోని చిక్కు

ఆంధ్రప్రదేశ్ అవతరణకు ముందు, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చెరి నలుగురు సంతకాలు చేసిన పత్రానికి ‘పెద్దమనుషుల ఒప్పందం’ అన్న పేరు స్థిరపడింది. ఆంగ్లంలోని ‘జెంటిల్మన్’ మాటకు కట్టుబడేవాడు. తెలుగు పలుకుబడిలో పెద్దమనిషి తగవు తీర్చే మధ్యవర్తి. ఇక్కడ ఉభయపక్షాలవారే పెద్దమనుషులయ్యారు. మాట తప్పితే అడిగే మూడోవారు లేరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది అందులోని షరతు. సంతకందారుల్లో ఒకరైన నీలం సంజీవరెడ్డే తొలి ముఖ్యమంత్రి అయి, తన తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిని నియమించలేదు. మరో సంతకందారు కె.వి. రంగారెడ్డి (ప్రగతి నగర్ 2016 దాకా ఆయన పేరిటి జిల్లాలోదే) సంజీవయ్య మంత్రివర్గంలో ఆ హోదాలో కనిపిస్తారు. ప్రాంతీయ సంఘం మాత్రం ఏర్పడింది; దానికి రాజ్యాంగం 371వ అధికరణంలో చోటు దొరికింది.