కదిలే గోడకు దేవుడి పటం

పలాస నుంచి జీడిపప్పు లోడుతో బయల్దేరే లారీ డ్రైవరుకి క్యాబినే ఇల్లు. కునుకు అక్కడే, దణ్ణం పెట్టుకునేదీ అక్కడే. అరసవల్లి సూర్యనారాయణమూర్తి, సింహాచలం అప్పన్న, పక్కనే పిల్లల ఫొటో, పైన కుచ్చుల పరదా. ఇంటికి దూరంగా బతికే మనిషికి ఆ మాత్రం అలంకారం కావాలి. తీసెయ్యమనే సలహా నాకు నచ్చదు. బిగించే పద్ధతి చెప్పాలి.

ఇంటి గోడకి ఒక్క మేకు చాలు. క్యాబిన్ గోడ బండి నడిచినంతసేపూ అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకి మేకు జారుతుంది, మామూలు నట్టు వదులవుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో గేదె అడ్డొచ్చి బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది గానీ, వెనక గోడ నుంచి ఊడిన పటం ఆగదు. దాని దారిలో ఉండేది డ్రైవరు తల.

టెక్కలి దగ్గర హైవే పక్కన ఆగిన ఓ పెద్దాయన తన పటం చూపించాడు. ఫ్రేమూ గాజూ లేవు. లామినేషన్ చేయించిన ఫొటోని పల్చటి ప్లైవుడ్ మీద అతికించి, నాలుగు మూలలా బోల్టులేశాడు. వెడల్పాటి వాషర్లు, వెనక నైలాక్ నట్లు. ఆ నట్టులోని నైలాన్ రింగు మరను గట్టిగా పట్టుకుంటుంది, అదురుకి వదలదు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. ఉద్దానం ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లుంటుంది? "గాజు పెట్టకూడదు బాబూ, బ్రేకేస్తే ముందు అదే మన మీదికొస్తాది" అన్నాడు.

డ్రిల్లు పెట్టేముందు లైనింగు వెనక వైర్లు ఎటు పోయాయో చూసుకోవాలి. స్క్రూ గుచ్చుకుని షార్టయితే బండే అంటుకోవచ్చు. 3.5 టన్నులు దాటిన సరుకు బళ్లలో 2025 అక్టోబరు 1 నుంచి తయారైన వాటికి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. లైనింగు వెనక ఏసీ వైర్లూ తోడవుతాయి కాబట్టి కొత్త బండిలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లలో కాపురం ఉండేవాళ్లదీ ఇదే చిక్కు. పల్చటి గోడకి మేకు పట్టదని తేలికైన బొమ్మల్ని జిగురు పట్టీలతో అంటిస్తారు. మన ఎండకి, తలుపులేసిన క్యాబిన్‌లో ఆ జిగురుని నేను నమ్మను.

ముందద్దానికి అడ్డంగా ఊగే దండలు మాత్రం వద్దు. ఎదుటి మనిషిని కప్పేస్తాయి. పరదా పక్కన అగరొత్తి వెలిగించొద్దు. పడుకునే బెర్తు పైన, తల ఉండే చోట, ఏదీ తగిలించొద్దు.

డ్రైవరు అన్నలూ, ఈసారి లోడెక్కించుకునేలోపు ప్రతి పటాన్నీ చేత్తో లాగి చూడండి. కదిలితే స్పానరు తియ్యండి.