తొండికి ఊరూ జాతీ ఉన్నాయా?

ఫుట్‌బాల్ మీద రాసేవాళ్లలో ఒక పాత అలవాటు ఉంది. పెనాల్టీ ఏరియాలో ఎవరి కాలూ తగలకుండానే ఒక ఆటగాడు కూలబడ్డాడంటే ముందు వాడి దేశమేదో చూస్తారు. అర్జెంటీనావాడైతే ‘వాళ్లంతే’ అంటారు. ఇటలీవాడైతే ‘వాళ్లకది విద్య’ అంటారు. ఇంగ్లండువాడైతే ‘పాపం, తూలినట్టున్నాడు’ అని సరిపెట్టుకుంటారు. ఆట గురించి ప్రపంచం చదివే రాతలో పెద్ద వాటా ఇంగ్లీషుదే కనుక ఈ మూడు తీర్పులూ మన దాకా అలాగే వచ్చి చేరాయి.

‘వాళ్లంతే’ అన్న మాటతో మనకు పాత పరిచయమే. తమిళనాట ఉన్న మాలాంటివాళ్లను ‘గొల్టి’ అని పిలిచే నోళ్లున్నాయి. తెలుగు అన్న పేరునే తిరగేసి చేసిన పిలుపంటారు. ఒకడి తప్పు జాతి మొత్తానికి గుణమైపోవడం ఎలా ఉంటుందో పరాయి గడ్డ మీద మూడు తరాలు కాపురం చేసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఈ రాతలను నేను ఆటల పేజీలో వదిలెయ్యలేక సాహిత్యంలోకి లాక్కొస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

ముందు మాటలు చూద్దాం. కావాలని పడిపోవడాన్ని జర్మన్లు ‘ష్వాల్బె’ అంటారు. అంటే వానకోయిల, నేలను రాసుకుంటూ ఎగిరే పిట్ట. డచ్చివాళ్లకు తమ భాషలో పిట్టలు లేక కాదు గాని, వాళ్లు కూడా ఆ జర్మను మాటనే వాడతారు. 1974లో మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో హోల్జెన్‌బైన్ పడ్డాడు, జర్మనీకి పెనాల్టీ వచ్చింది, చివరికి 2-1తో గెలిచింది. ఆ పడటం నిజమా అబద్ధమా అన్న పేచీ హాలండులో ఇంకా నడుస్తూనే ఉంది. స్పెయిన్‌లో దీన్ని ‘పిసినాసో’ అంటారు. మన పిసినారికీ దీనికీ చుట్టరికం లేదు, ఈతకొలనులోకి దూకడమని అర్థం. ఊరికే పడేవాణ్ణి బ్రెజిల్‌వాళ్లు ‘కాయి-కాయి’ అంటారు, పడు-పడు అన్నట్టు.

మన ‘తొండి’ దీనికి అతకదు. తొండి అంటే ఔటయి కూడా కాలేదని దబాయించడం. అందులో గొంతు ఉంది గాని నటన లేదు. మా వీధుల్లో తమిళ పిల్లలు అనే ‘అళుగుణి ఆట్టం’ కొంత దగ్గరకొస్తుంది. ఏడుపుగొట్టు ఆట అన్నమాట. నన్నడిగితే ‘దొంగ ఏడుపు’ అన్నది సరిగ్గా సరిపోతుంది. అయితే ఈ మాటలన్నిట్లోనూ ఒక సంగతి గమనించాలి. ఏ భాషలో చూసినా ఇది వెక్కిరింపే. తప్పని తోచని పనికి ఏ జనమూ వెక్కిరింపు పేరు పెట్టరు. ‘వాళ్ల సంస్కృతిలో అది తప్పు కాదు’ అని రాసే పండితులు ఆ సంస్కృతిలోని పిల్లకాయల తిట్లు వినలేదని నా అనుమానం.

ఇక అసలు కథ. 1986 జూన్ 22, మెక్సికో నగరం, అజ్టెకా స్టేడియం, అర్జెంటీనా-ఇంగ్లండు క్వార్టర్‌ఫైనల్. మారడోనా గోల్‌కీపర్ షిల్టన్ తల మీదుగా బంతిని చేత్తో తోసి గోల్ చేశాడు. నాలుగు నిమిషాలకే సగం మైదానం నుంచి ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయి, ఎవరూ వంక పెట్టలేని ఇంకో గోల్ చేశాడు. కొంత మారడోనా తల, కొంత దేవుడి చెయ్యి అని ఆట తరవాత అతనన్న మాట లోకమంతా పాకింది. 2020 నవంబరులో మారడోనా పోయినప్పుడు నేను చదివిన తెలుగు వార్తలన్నీ ‘దేవుడి చెయ్యి’ అనే రాశాయి. 2000లో అచ్చయిన ఆత్మకథలో మాత్రం మారడోనా దేవుణ్ణి పక్కన పెట్టి, ఆ గోల్ ఇంగ్లండువాళ్ల జేబు కొట్టినట్టుందన్న ధోరణిలో మాట్లాడతాడు. జేబు కొట్టే విద్యకు మనకు ‘చేతివాటం’ అని చక్కటి మాట ఉంది. చెయ్యీ దొంగతనమూ రెండూ అందులోనే ఉన్నాయి. ఒక్క అనువాదకుడికైనా అది తట్టలేదేం?

ఆ ఆత్మకథ చదువుతుంటే మనిషి మీద ముచ్చటేస్తుంది. బ్వేనస్ ఐరిస్ శివారు మురికివాడలో పెరిగిన పిల్లవాడి గడుసుతనం ప్రతి పేజీలోనూ ఉంటుంది. ఆ గడుసుతనానికి అర్జెంటీనాలో ‘వివేసా క్రియోయా’ అని పేరే ఉంది. మన గడుసుతనం లాగే దాన్నీ మెచ్చుకుంటూ అనవచ్చు, ఎత్తిపొడుస్తూ అనవచ్చు. 1928లోనే ‘ఎల్ గ్రాఫికో’ పత్రికలో బొరొకోతో అన్న రచయిత, డ్రిబ్లింగ్ కనిపెట్టిన మాసిన మొహపు వీధిపిల్లవాడికి విగ్రహం కట్టాలని రాశాడు. మారడోనా పుట్టడానికి ముప్ఫై రెండేళ్ల ముందే అతని బొమ్మ గీసి పెట్టుకున్నారన్నమాట. ఉరుగ్వే రచయిత ఎదువార్దో గలియానో ఇంకో అడుగు వేస్తాడు. కళాకారుడి గోల్‌కీ దొంగ గోల్‌కీ రెండింటికీ కలిపి జనం మారడోనాను కొలిచారంటాడు. వెనక 1982 నాటి ఫాక్‌లండ్స్ యుద్ధం ఉంది. అందులో 649 మంది అర్జెంటీనావాళ్లు చనిపోయారు. ఆ పుండు మీద ఈ గోల్ మందులా పనిచేసిందన్నది అబద్ధం కాదు.

అయినా నా పేచీ గలియానోతోనే. ఇంగ్లీషు పత్రికలు మోసగాడన్నాయి, గలియానో బీదవాడి ప్రతీకారమన్నాడు. రెండు రాతల్లోనూ ఉన్నది ఇద్దరే, కొట్టినవాడూ పోగొట్టుకున్నవాడూ. నిజానికి ఆ రోజు మోసపోయినవాడు షిల్టన్ కాదు. అతను కళ్లారా చూశాడు, చెయ్యెత్తి అరిచాడు. మోసపోయినవాళ్లు ట్యునీసియా రెఫరీ అలీ బెన్నసూర్, బల్గేరియా లైన్స్‌మన్ బొగ్దాన్ దోచెవ్. వాళ్లకు ఫాక్‌లండ్స్‌తో సంబంధం లేదు. ఆ ఒక్క గోల్ గురించి తప్పు నీదంటే నీదని ఇద్దరూ ఏళ్ల తరబడి అనుకున్నారు. దోచెవ్ ఆ బాధతోనే 2017లో కన్నుమూశాడు. బెన్నసూర్‌ను 2015లో మారడోనా స్వయంగా వెళ్లి కలిసి, చొక్కా మీద సంతకం చేసి ఇచ్చాడు. 2022లో బెన్నసూర్ ఆ బంతిని వేలానికి పెడితే ఇరవై లక్షల పౌండ్లు పలికింది. ఇంత కథ ఉన్న మనుషులు ఏ గొప్ప రచయిత కలానికీ ఎక్కలేదు.

తీర్పు చెప్పేవాడు మనలో ఒకడు కాడు గనుక వాడికి మనసుండదని అనుకుంటాం. దొంగ ఏడుపు ఎవరి కోసం ఏడుస్తారు? ఎదుటి జట్టు కోసమా? వాళ్లకు నిజం తెలుసు. చూసీ చూడకుండా ఉన్న మూడోవాడి కోసం ఏడుస్తారు. ఈ మూడోవాణ్ణి వదిలేసి ఆటలో నీతి గురించి రాసింది ఏదైనా నాకు సగం రాతగానే కనిపిస్తుంది.

ఆ రోజు ఈ సంగతి పట్టుకున్నవాడు ఒక్కడున్నాడు, రేడియోలో అర్జెంటీనా శ్రోతలకు వ్యాఖ్యానం చెబుతున్న వీక్తోర్ ఊగో మొరాలెస్. అతని రెండో గోల్ వ్యాఖ్యానం లోకప్రసిద్ధం, ఏడుస్తూ దేవుడికి దణ్ణాలు పెట్టాడు. మొదటి గోల్ వ్యాఖ్యానం అంతగా ఎవరూ తలుచుకోరు. ప్రాణం పెట్టి కేక వేశాడు, వేస్తూనే అది చేత్తో కొట్టిన గోలేనని, తనకు తోచింది చెప్పక తప్పదని అదే ఊపిరిలో చెప్పాడు. సొంతవాడు గెలుస్తుంటే ఆనందం దాచుకోలేదు, సాక్ష్యమూ దాచుకోలేదు. ఆ గోల్ మీద వచ్చిన విమర్శ అంతట్లోకీ నాకు నచ్చింది ఆ రెండు ముక్కలే.

ఇంగ్లండు సంగతి త్వరగా చెబుతాను. 1891లో పెనాల్టీ నిబంధన వచ్చినప్పుడు, పెద్దమనుషులు కావాలని తప్పు చేస్తారా అని కొరింథియన్ క్లబ్బువాళ్లు చిన్నబుచ్చుకున్నారట. ఆ గర్వం మీదే వందేళ్లు బతికారు. 1998లో అర్జెంటీనా మీద ఆటలో బెక్‌హామ్ కాలు తగిలి సిమియొనె పడటాన్ని ఇంగ్లీషు పత్రికలు ఏళ్ల తరబడి తిట్టాయి. తాను ఎక్కువ చేశానని సిమియొనె ఒప్పుకున్నాడు కూడా. అదే ఆటలో అంతకుముందు మైకేల్ ఓవెన్ పడితే ఇంగ్లండుకు పెనాల్టీ వచ్చింది. నిలబడగలిగీ పడ్డానని ఓవెన్ ఆ తరవాత తానే చెప్పాడు. దానికి ఎవరూ జాతి పేరు పెట్టలేదు.

లాటిన్ అమెరికాలో ఇదంతా చెల్లుతుందనేవాళ్లు చిలీ గోల్‌కీపర్ రొబెర్తో రొహాస్‌ను తలుచుకోవాలి. 1989 సెప్టెంబరు 3న రియోలోని మరకనాలో, బ్రెజిల్ 1-0తో ముందున్నప్పుడు, ప్రేక్షకుల్లోంచి మండే చువ్వ ఒకటి వచ్చి పడింది. రొహాస్ నెత్తురు కారుతూ పడి ఉన్నాడు, చిలీ జట్టు మైదానం వదిలిపోయింది. చువ్వ అతనికి తగల్లేదని ఫోటోలు తేల్చాయి. చేతితొడుగులో దాచుకున్న బ్లేడుతో తన నుదురు తానే కోసుకున్నాడు. అతనికి జీవితకాల నిషేధం పడింది, 2001లో గాని ఎత్తెయ్యలేదు. చిలీకి 1994 ప్రపంచకప్ దారి మూసుకుపోయింది. దేశం అతణ్ణి గడుసువాడని భుజాలకెత్తుకోలేదు. అది ఈనాటికీ వాళ్లకు తలవంపే.

ఇక మార్సెలో బియెల్సా అచ్చమైన అర్జెంటీనావాడు, ఊరు రొసారియో. 2019 ఏప్రిల్ 28న అతను నడిపే లీడ్స్ జట్టు, ఆస్టన్ విల్లా ఆటగాడు ఒకడు దెబ్బ తగిలి పడి ఉండగా గోల్ కొట్టేసింది. రెఫరీ ఒప్పుకున్నాడు, నిబంధనలూ ఒప్పుకున్నాయి. బియెల్సా ఒప్పుకోలేదు. వాళ్లకో గోల్ ఇచ్చెయ్యమని గీత దగ్గర నిలబడి అరిచాడు. విల్లావాళ్లు నడుచుకుంటూ వెళ్లి గోల్ చేశారు. లీడ్స్ డిఫెండరు ఒకడు మాత్రం మనసొప్పక అడ్డం పడబోయాడు, నాకు వాడూ నచ్చాడు. ఆట 1-1తో ముగిసింది. దాంతో నేరుగా పై డివిజనుకు వెళ్లే చోటు షెఫీల్డ్ యునైటెడ్‌కు ఖాయమైంది. వెక్కిరింపు జాతులవారీగా పంచేవాళ్లు బియెల్సాను ఏ గంపలో వేస్తారో!

సువారెస్ పేరెత్తకపోతే పాఠకులు ఊరుకోరు. 2010 జూలై 2న జొహానెస్‌బర్గ్‌లో, ఘనా కొట్టిన బంతిని ఈ ఉరుగ్వేవాడు గీత మీద చేతుల్తో ఆపాడు. ఎర్రకార్డు, ఘనాకు పెనాల్టీ. గ్యాన్ కొట్టింది అడ్డకమ్మీకి తగిలింది, చివరికి ఉరుగ్వే గెలిచింది. దీన్ని నేను తొండి అననూ లేను, దొంగ ఏడుపు అననూ లేను. రెఫరీని మోసం చెయ్యలేదు, అందరి కళ్లముందే చేసి శిక్ష వేయించుకున్నాడు. అలాగని ఘనా వైపు నుంచి చూస్తే ఈ తర్కం ఎందుకూ పనికిరాదు. 2022 డిసెంబరు 2న ఖతర్‌లో ఆ రెండు జట్లూ మళ్లీ తలపడ్డాయి. క్షమాపణ చెప్పనని, పెనాల్టీ పోగొట్టింది తాను కాదని ముందురోజే సువారెస్ చెప్పాడు. ఉరుగ్వే 2-0తో గెలిచింది, కాని అదే వేళ కొరియా పోర్చుగల్‌ను ఓడించడంతో గెలిచిన ఉరుగ్వే కూడా ఇంటిదారి పట్టింది. ఓడిపోయిన ఘనా జనం గాలరీల్లో సంబరపడుతుంటే, సువారెస్ బెంచీ మీద చొక్కా మొహానికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు రెఫరీకి చూపించడానికి ఏడ్చింది కాదు.