డార్క్‌లాండ్స్: నమ్మకమే నిజమైపోయిన లోకం

మధ్యయుగం అనగానే కంప్యూటర్ గేముల్లో ఒక రెడీమేడ్ సెట్టింగ్ ఉంటుంది. కోట, కత్తి, గడ్డం తాంత్రికుడు, పొడుగు చెవుల ఎల్ఫులు. ఊళ్ళ పేర్లు మారుస్తారు, మ్యాపు తిప్పి గీస్తారు, సరుకు మాత్రం అదే. 1992లో మైక్రోప్రోజ్ విడుదల చేసిన ‘డార్క్‌లాండ్స్’ ఈ దారిలో వెళ్ళలేదు. విమానాలు, జలాంతర్గాముల సిమ్యులేషన్లకూ, అంతకు ముందు ఏడాది వచ్చిన ‘సివిలైజేషన్’కూ పేరుపడ్డ కంపెనీ అది. ఆట డిజైనర్ ఆర్నాల్డ్ హెండ్రిక్. కథాస్థలం కల్పిత రాజ్యం కాదు, 15వ శతాబ్దపు జర్మనీ, అంటే పవిత్ర రోమన్ సామ్రాజ్యం. నురెంబర్గ్, లూబెక్, కొలోన్, ప్రాగ్ ఉన్నచోటే ఉంటాయి.

దీని వెనక ఒక చిన్న షరతు ఉంది. ఆ లోకాన్ని ఇవాళ్టి చరిత్రకారుడు చెప్పినట్టు కాక, అప్పటి జనం నమ్మినట్టు చూపించాలి. గనుల్లో మరుగుజ్జులున్నారని వాళ్ళు నమ్మారు కాబట్టి గనుల్లో మరుగుజ్జులు ఉంటారు. సెయింటుకి మొక్కితే గాయం మానుతుందని నమ్మారు కాబట్టి మానుతుంది. ఇంజనీరింగ్ మూడో ఏడు హాస్టల్లో డాస్‌బాక్స్ పెట్టుకుని మొదటిసారి ఆడినప్పుడు, ఇంత తెలివైన ఐడియా ఇంకే గేములోనూ లేదనిపించింది. పన్నెండేళ్ళ తర్వాత ఈ ఏడాది మళ్ళీ ఆడాను. ఐడియా ఇప్పటికీ తెలివైనదే. కానీ అది తిన్నగా ఎక్కడికి తీసుకెళ్తుందో ఈసారి వదలకుండా చూస్తూ ఆడాను.

ముందు బాగున్నవి చెప్పాలి, అవి చాలా ఉన్నాయి కాబట్టి.

మనం నడిపేది నలుగురు మనుషుల జట్టు. ఒక్కొక్కరినీ పుట్టుక దగ్గర్నుంచి తయారు చేసుకోవాలి. ఏ ఇంట్లో పుట్టాడు, ఆ తర్వాత ఏం పని చేశాడు? ఒక్కో పనికి ఐదేళ్ళు. సిపాయి, దొంగ, సన్యాసి, గుమాస్తా, రసవాది, ప్రొఫెసర్ — ఇలా బతుకుల జాబితా. రైతు ఇంట్లో పుట్టినవాడికి కొన్ని తలుపులు తెరుచుకోవు, గేము దానికి క్షమాపణ కూడా చెప్పదు. ఎక్కువ పనులు చేస్తే ఎక్కువ నైపుణ్యం వస్తుంది, కానీ వయసు ముదిరేకొద్దీ బలం, చురుకు తగ్గుతాయి. హాస్టల్లో ఉన్నప్పుడు ఇది ఉత్త లెక్క. ముప్పై దాటాక, నడుంనొప్పి తెలిశాక, ‘ఇంకో ఐదేళ్ళు చదివించనా, ఇప్పుడే రోడ్డెక్కించనా’ అనే ప్రశ్న దగ్గర నేను ఆగినంతసేపు ఏ యుద్ధం దగ్గరా ఆగలేదు. ఆ తర్వాత లెవెల్స్ ఉండవు. మనిషి ఏ పని చేస్తుంటే ఆ పనిలో కొద్దికొద్దిగా మెరుగవుతాడు, అంతే.

ఊళ్ళోకి వెళ్ళాలంటే గేటు దగ్గర సుంకం. రాత్రి వీధిలో తిరిగితే కాపలావాళ్ళు పట్టుకుంటారు. డబ్బు ఫ్లోరిన్లు, గ్రోషెన్లు, ఫెనిగులు. ఫ్లోరిన్‌కి ఇరవై గ్రోషెన్లు, గ్రోషెన్‌కి పన్నెండు ఫెనిగులు. అణాల లెక్క విన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇదేం కష్టం కాదు. టైము గంటల్లో ఉండదు, చర్చి ప్రార్థనల వేళల్లో ఉంటుంది. మెడిచీలు, ఫుగ్గర్లు లాంటి వర్తక కుటుంబాలు పని చెప్పి డబ్బిస్తాయి. కథలో ఎక్కువ భాగం వాటర్‌కలర్ బొమ్మల మీద అక్షరాల్లోనే నడుస్తుంది. నాలుగు వాక్యాల వర్ణన, కింద మనం ఎంచుకోవాల్సిన దారులు. ఓపికున్న పాఠకుడికి నచ్చే గేము ఇది. పోరాటం రియల్‌టైమ్‌లో జరుగుతుంది, స్పేస్‌బార్ నొక్కి ఆపి ఆజ్ఞలివ్వచ్చు. తర్వాతి రోజుల్లో ‘బాల్డర్స్ గేట్’ లాంటివి బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. బగ్గుల గురించి మాత్రం మాట్లాడకపోవడమే మర్యాద. విడుదలైనప్పుడు దీన్ని ముంచినవి అవే.

అసలు అందం సెయింట్లది. వందకు పైగా ఉంటారు. ప్రతి ఒక్కరూ ఒక ప్రత్యేకమైన కష్టానికి. వాళ్ళ గురించి మఠాల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివి తెలుసుకోవాలి. మొక్కినప్పుడు దైవానుగ్రహం అనే నిల్వ ఖర్చవుతుంది, ఫలిస్తుందా లేదా అన్నది మనిషి సద్గుణం మీద ఆధారపడుతుంది. ప్రోగ్రామర్ కళ్ళతో చూస్తే ఇదొక టేబుల్, ఒక ప్రాబబిలిటీ ఫంక్షన్. కానీ ఏ జబ్బుకి ఏ దేవుడో, ఏ అమ్మవారికి ఏ మొక్కో నోటికి చెప్పే మా నాయనమ్మని ఈ మెనూ ముందు కూర్చోబెడితే రెండు నిమిషాల్లో అర్థం చేసుకునేది. మతాన్ని మంత్రశక్తిగా మార్చి, నీలం రంగు గీత ఒకటి గీసి వదిలేసే గేములు బోలెడు. భక్తుడు దేవుడితో పెట్టుకునే లెక్కాపత్రాన్ని, మొహమాటాన్ని, అనుమానాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్నది నేను వేరే చూడలేదు.

ఇక పేచీ.

దారిదోపిడీ దొరల్ని (రౌబ్‌రిట్టర్లు) పట్టుకుంటూ, గనుల్లోకి దిగుతూ పేరు సంపాదించాక ప్రధాన కథ మొదలవుతుంది. కొన్ని పల్లెలు పైకి మామూలుగా కనిపిస్తూ లోపల సైతాన్ని కొలుస్తుంటాయి. వాళ్ళ నుంచి కూపీ లాగితే మంత్రగత్తెల సబ్బాత్ ఎక్కడో తెలుస్తుంది. అది దాటితే టెంప్లర్ల కోట. అక్కడ బాఫోమెట్ ఆరాధన, ప్రళయానికి ఏర్పాట్లు.

టెంప్లర్ల సంగతి చరిత్రలో ఏమిటి? 1307 అక్టోబరు 13న ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లని మూకుమ్మడిగా అరెస్టు చేయించాడు. అతను వాళ్ళకి అప్పున్నాడు. శిలువ మీద ఉమ్మారని, విగ్రహాన్ని పూజించారని అభియోగాలు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. బాఫోమెట్ అనే పేరు టెంప్లర్లకి అంటుకున్నది ఈ విచారణ కాగితాల్లోంచే. 1312లో పోప్ ఐదవ క్లెమెంట్ ఆ సంఘాన్ని రద్దు చేశాడు. ఇచ్చిన వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్న వాళ్ళ పెద్ద జాక్ డి మోలేని 1314లో పారిస్‌లో తగలబెట్టారు.

డార్క్‌లాండ్స్‌లో ఆ వాంగ్మూలాలన్నీ నిజం. రాజు చెప్పిందే రైటు. మనం కత్తి పట్టుకుని వెళ్ళి, అతను మిగిల్చిన పని పూర్తి చేస్తాం.

పల్లెలదీ సబ్బాత్‌దీ ఇదే కథ. హైన్రిచ్ క్రామర్ మంత్రగత్తెల వేటకి రాసిన పాఠ్యపుస్తకం ‘మాలెయస్ మలెఫికారమ్’ 1486లో జర్మనీలోని స్పెయర్ పట్టణంలోనే అచ్చయింది. అదే దేశం, అదే శతాబ్దం. ఆ పుస్తకాన్ని నమ్మి జనం చేసిన పనుల్లో కాలిపోయింది దయ్యాలు కాదు, ఎక్కువగా ఆడవాళ్ళు. ‘జనం నమ్మినట్టు చూపిస్తాను’ అన్న షరతు ఇక్కడికొచ్చేసరికి ‘జనం ఎవరి మీద నమ్మారో వాళ్ళ నోరు నొక్కేస్తాను’గా మారిపోయింది.

‘ఆటే కదా’ అంటారని తెలుసు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తుందనో, చేతబడి చేశాడనో మనిషిని చెట్టుకి కట్టి కొట్టిన వార్త, చంపేసిన వార్త పేపర్లో చదువుతూ పెరిగినవాడిని. ఆ ఊరి నమ్మకాన్ని ఆ ఊరి కళ్ళతోనే చూపించే కథ ఎవరైనా రాస్తే తప్పక చదువుతాను. అందులో చివరికి ఆ ముసలామె నిజంగానే చేతబడి చేసిందని తేలిస్తే మాత్రం అది ఊరి చూపు కాదు, ఊరి తరఫు వకాల్తా.

సెయింట్ల దగ్గర నాకు ఇబ్బంది లేకపోవడానికి కారణం కూడా ఇదే. నా మనిషి మొక్కుకుంటే ఫలితం అతనికి, ఖర్చూ అతనికే. ఆ నమ్మకం నిజమైతే మూడోవాడికి నష్టం లేదు. అభియోగం అలాంటిది కాదు. అది నిజం కావాలంటే ఇంకొకరు దోషి అయి తీరాలి. హెండ్రిక్ జట్టు ఈ రెంటినీ ఒకే టేబుల్లో రెండు వరసలుగా రాసేసింది. పైగా దారి వాళ్ళ చేతిలోనే ఉంది. వాళ్ళ సిస్టమ్‌లో మొక్కు తప్పొచ్చు, మందు వికటించచ్చు. అనుమానం తప్పడానికి కూడా ఒక శాతం కేటాయించి ఉంటే? ఒక పల్లెని తగలబెట్టాక అక్కడ ఏమీ లేదని తెలిస్తే? ఈ గేముకి ఆ సత్తా ఉంది కాబట్టే అడుగుతున్నాను.

2018లో వచ్చిన ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’ దీనికి ఎదురు దారి పట్టింది. 1403 బొహీమియా, మంత్రాలు లేవు, దయ్యాలు లేవు. నిజాయితీగానే ఉంటుంది. కానీ అందులో నేను దండం పెట్టిన చోట్ల నా గుండె ఒక్కసారీ ఝల్లుమనలేదు. డార్క్‌లాండ్స్‌లో దెబ్బతిన్న జట్టుతో అడవిలో చీకటి పడుతుంటే ఏ సెయింటు పేరు గుర్తుందా అని వెతుక్కున్న భయం, దాని ముప్పై ఏళ్ళ నాటి పిక్సెళ్ళలోంచి ఇప్పటికీ వస్తోంది. రెండిట్లో ఒకటి మళ్ళీ ఆడమంటే దీన్నే తీస్తాను.

ప్రధాన కథ పూర్తి చెయ్యకపోయినా ఈ గేము మనల్ని బయటికి పంపదు, ఎన్నాళ్ళయినా తిరగచ్చు. ఈసారి టెంప్లర్ల కోట వైపు వెళ్ళలేదు. నా రసవాదికి నలభై దాటాయి, వేలు వణుకుతున్నట్టు ఊహించుకుంటున్నాను. ప్రస్తుతం లూబెక్ దారిలో బళ్ళు దోచుకుంటున్న ఒక దొర కోసం వెతుకుతున్నాం. అతని మీద సాక్ష్యం ఉంది, దోపిడీ జరిగిన వర్తకులే చెప్పారు.