జిల్లా లేని జిల్లా హాలు

మన దగ్గర ఎవరు రాశారో తెలియని చాటుపద్యం దొరికితే చాలు, శ్రీనాథుడి ఖాతాలో వేసేస్తాం. ఇంగ్లండులో 17వ శతాబ్దపు మంచి కట్టడం కనబడితే క్రిస్టఫర్ రెన్ ఖాతాలో వేస్తారు. ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణంగా, థేమ్స్ ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ అనే సంత ఊళ్ళో కౌంటీ హాల్‌కీ ఇదే జరిగింది. ఆన్‌సైట్ రోజుల్లో ఒక శనివారం అక్కడికి వెళ్తే, పక్కనున్న టూరిస్టు కూడా "రెన్ కట్టాడట" అనే మొదలుపెట్టాడు.

రెన్ గీశాడనడానికి కాగితం మీద రుజువు లేదు. 1678 నుంచి 1682 దాకా కట్టిన మేస్త్రీ పేరు మాత్రం గట్టిగానే తెలుసు: క్రిస్టఫర్ కెంప్‌స్టర్. బర్‌ఫర్డ్ దగ్గర సొంత రాతి క్వారీ ఉన్నవాడు, లండన్‌లో రెన్ చర్చీలకీ సెయింట్ పాల్స్‌కీ పనిచేసినవాడు. దాదాపు అదే సమయంలో, ఆక్స్‌ఫర్డ్‌లో రెన్ డిజైన్ చేసిన టామ్ టవర్‌ని కట్టిందీ ఇతనే. పుకారు అక్కడ పుట్టుంటుంది. రెన్ సలహా ఇస్తే ఇచ్చుండొచ్చు. కానీ కోడ్ రివ్యూలో రెండు కామెంట్లు పెట్టినవాణ్ణి ఆథర్ అనం కదా!

భవనం దగ్గరికి వస్తే, కింద అంతా తోరణాలే, గోడల్లేవు. అక్కడ సంత. పైన ఎత్తైన కిటికీలతో ఒకే పెద్ద గది. అందులో అసైజ్ కోర్టు, అంటే జడ్జీలు ఊరూరా తిరుగుతూ వచ్చి పెద్ద కేసులు విచారించే కోర్టు. కింద వెన్న బేరాలు, నెత్తిమీద ఉరిశిక్ష వేయగల న్యాయం. ఈ రెండు అంతస్తుల్నీ కలిపి కుట్టినట్టు భారీ అర్ధస్తంభాలు కింద నుంచి పైదాకా పోతాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది మెట్లు. వాటిని లోపల పెట్టకుండా వెనక విడిగా ఒక టవర్ కట్టి అందులోకి తోసేశాడు. సంతకీ కోర్టుకీ చోటు తగ్గలేదు. ఇది చేత్తో పనిచేసేవాడి బుర్రకి తట్టే ఆలోచన అని నా నమ్మకం. కింది అంతస్తు తెరిచి ఉన్న ఇలాంటి టౌన్ హాళ్ళలో ఇదే ఘనమైనదని పెవ్‌స్నర్ అంతటివాడు తేల్చాడు.

గైడుబుక్కుల ధోరణి వేరు. ఊరి వైభవానికి గుర్తు అంటాయి. నాకు వైభవం కన్నా భయమే ఎక్కువ కనిపించింది. ఊరికి అన్నం పెట్టిన మఠం 1538లోనే మూతపడింది. బెర్క్‌షైర్‌కి ముఖ్యపట్టణం ఎవరన్న పోటీలో ఎదురుగా రెడింగ్. కోర్టు పోతే లాయర్లు, సత్రాలు, గిరాకీ అన్నీ పోతాయి. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద హాలు ఎందుకంటే అందుకు. అది రాతితో రాసిన అర్జీ.

అర్జీ దాదాపు రెండు వందల ఏళ్ళు పనిచేసింది. తర్వాత గ్రేట్ వెస్టర్న్ రైలు మెయిన్ లైన్ రెడింగ్ మీదుగా పోయింది గానీ ఆబింగ్డన్‌కి రాలేదు. 1860లలో అసైజ్ కోర్టు రెడింగ్‌కి వెళ్ళిపోయింది. 1974లో సరిహద్దులు మార్చి ఊరినే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కలిపేశారు. పేరు మాత్రం ఇప్పటికీ కౌంటీ హాలే.

ఇప్పుడది మ్యూజియం. రాజకుటుంబంలో శుభకార్యమైతే కౌన్సిలర్లు దాని పైకప్పెక్కి జనం మీదికి బన్నులు విసురుతారు. జడ్జీలు కూర్చున్న అంతస్తులో ఒక ఎంజీబీ కారు ఉంది. అది తయారైన ఫ్యాక్టరీ కూడా ఈ ఊళ్ళోనే ఉండేది, 1980లో మూతపడింది.