రైలుబడి: మంచి మనసు చాలునా?

తెత్సుకో కురొయనాగి 1981లో జపనీస్ భాషలో వెలువరించిన బడి జ్ఞాపకాలు తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచితం. ఈ పుస్తకాన్ని గూర్చి మాట్లాడేవారిలో ఎక్కువమంది ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మంచితనం దగ్గరే ఆగిపోతున్నారు. పాత బడి వెళ్ళగొట్టిన తొత్తోచాన్ కబుర్లను ఆయన మొదటిరోజే నాలుగు గంటలపాటు విన్నాడు; అలాంటి మనసు ఉపాధ్యాయులందరికీ ఉండాలి అంటారు. ఈ అభిప్రాయం తప్పని అనను. కాని అసంపూర్ణం. మంచి మనసే కొలబద్ద అయితే, అది లేనిచోట పిల్లల గతి ఏమిటి?

కొబయాషి నిజంగా చేసిందేమిటో పరిశీలిద్దాం. టోక్యోలో 1937 నుంచి 1945 దాకా నడిచిన తొమోయె బడిలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు. అక్కడ తకహాషి అనే పిల్లవాడున్నాడు. కాళ్ళు పొట్టివి, ఇక ఎత్తు పెరగడు. ఆటలపోటీల నాడు పందాలన్నీ అతనే గెలుస్తాడు. ఎవరూ జాలిపడి ఓడిపోలేదు. గుడ్డతో కుట్టిన చేపలో దూరి బయటికి రావడం, పొట్టి మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కడం వంటి పందాలు పెట్టారు. అంటే ఆటనే పిల్లవాడికి తగ్గట్టు మార్చారు. భోజనాల దగ్గరా ఇదే పద్ధతి. ప్రతి డబ్బాలో సముద్రం ఇచ్చేది ఒకటి, నేల ఇచ్చేది ఒకటి ఉండాలి. ఏది లేకపోతే అది ప్రధానోపాధ్యాయుడి భార్య తన గిన్నెలోంచి తీసి వడ్డిస్తుంది. ఎవరి డబ్బా ఘనమైనదన్న పోలికకు తావుండదు. నీకు తోక ఉన్నది కదా అని ఒక ఉపాధ్యాయిని తకహాషితో పరాచికమాడినప్పుడు కొబయాషి ఆమెను గట్టిగా మందలిస్తాడు. అదీ తరగతిలో కాదు, వంటగదిలో.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ పుస్తకం చదవకముందు, మా బడి ఆటలపోటీలలో కాలు ఈడ్చి నడిచే పిల్లవాడికి పాయింట్లు రాసే నోటుబుక్కు ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అది ఆదరణ అనుకున్నాను. సాయంత్రం వాడు పుస్తకం తిరిగి ఇస్తూ, “నేనూ పరిగెత్తేవాణ్ణి గదా సార్, ఆఖర్న వచ్చేవాణ్ణి, అంతేగా” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా దయ వాణ్ణి ఆటలోంచి తప్పించింది.

ఇంటి పాత్రను కూడా రచయిత్రి మరవలేదు. మొదటి బడి వెళ్ళగొట్టిన సంగతి కూతురికి ఇరవయ్యేళ్ళు దాటేదాకా తల్లి చెప్పలేదు. తానొక పనికిరాని పిల్లననే భావం ఆ పసిమనసులో నాటుకోకుండా చూసింది. బిడ్డ ఎదుటనే వాడి మార్కులను ఏకరువు పెట్టే తల్లిదండ్రులు ఈ భాగాన్ని నిదానంగా చదవాలి.

అయితే ఈ పుస్తకానికి ఒక హద్దు ఉన్నది. మసావోచాన్ అనే కొరియన్ బాలుడు బడికి వెళ్ళే దారిలో ఎదురై, తొత్తోచాన్‌ను ‘కొరియన్’ అని తిడతాడు. తనను అందరూ అదే మాటతో తిడితే, అదొక బూతు అనుకున్నాడు పాపం. తల్లి కంటతడి పెట్టి, అతనూ నీవంటి పిల్లవాడే అని బోధిస్తుంది. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ వలస. ఆ అధికారం ఒక పసివాడి నోట తిట్టుగా మారిన తీరును రచయిత్రి నిజాయితీగా చూపింది. కాని మసావోచాన్ తొమోయె విద్యార్థి కాడు. అందరినీ కలుపుకున్న బడి ఒక చిన్న ప్రైవేటు బడి. దాని గేటు బయట అతను నిలబడే ఉన్నాడు. అక్కడ తల్లి కన్నీరు తప్ప వేరే ఏర్పాటేదీ లేదు.

ఈ మాట జపానుతో పోయేది కాదు. మధ్యాహ్న భోజనానికి పిల్లలు ఏ వాడ వాళ్ళు ఆ వాడ వరుసలో కూర్చోవడం మనం చూడనిదా? 2009 విద్యాహక్కు చట్టం, 2016 వికలాంగుల హక్కుల చట్టం బడి తలుపు తెరిచాయి. లోపల ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఏ ఆట ఆడించాలి అన్నది మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఈ పుస్తకం అసలు పేరుకు ‘కిటికీ దగ్గరి తొత్తోచాన్’ అని అర్థం. ఆ రోజుల్లో జపాను ఆఫీసుల్లో పక్కకు నెట్టేసిన ఉద్యోగులను కిటికీ దగ్గరివాళ్ళు అనేవారట. రేపు హాజరు పిలిచేటప్పుడు, మన తరగతిలో ఆ చోటున ఎవరున్నారో ఉపాధ్యాయ మిత్రులు తలెత్తి చూడాలి.