గీత ఎవరిది?

సంతకం కనబడకపోయినా బాపు బొమ్మని పోల్చేస్తాం. గీత ఆర్టిస్టు గొంతు లాంటిది. మరి ఏఐని విమర్శించే కామిక్స్‌కి ఏఐతోనే బొమ్మలు గీయించొచ్చా? కుదరదనే నేనంటాను.

క్రిస్ కష్టనోవా 'జార్యా ఆఫ్ ద డాన్' అనే కామిక్‌కి బొమ్మలు మిడ్‌జర్నీతో చేయించారు. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు ఏం తేల్చిందంటే: మాటలూ, బొమ్మల ఎంపికా, అమరికా కష్టనోవావే, విడివిడిగా ఆ బొమ్మల మీద మాత్రం కాపీరైట్ లేదు. ఆఫీసు భాషలో చెప్పినా, ఇందులో మంచి విమర్శ ఉంది. ప్రాంప్ట్ రాసేవాళ్ళు ఏం కావాలో చెప్తారు. గీత ఎక్కడ ఆగాలో, ఎక్కడ వంగాలో వాళ్ళ చేతిలో ఉండదు.

ఇటు సారా ఆండర్సన్‌ని చూడండి. నలుపు తెలుపుల్లో, గుండ్రటి పెద్ద కళ్ళతో ఉండే 'సారాస్ స్క్రిబుల్స్' చూస్తే ఎవరైనా గీసేయొచ్చనిపిస్తుంది. ముందు ఇంటర్నెట్‌లో తీవ్ర మితవాదులు ఆవిడ కామిక్స్‌లో మాటలు మార్చి ద్వేషం నింపారు. తర్వాత ఏఐ ఏకంగా ఆవిడ గీతనే అనుకరించడం మొదలెట్టింది. తమ బొమ్మల్ని అడక్కుండా ట్రైనింగ్‌కి వాడారంటూ 2023 జనవరిలో ఆవిడా, మరో ఇద్దరు ఆర్టిస్టులూ స్టెబిలిటీ ఏఐ, మిడ్‌జర్నీ, డీవియంట్‌ఆర్ట్‌ల మీద కేసు వేశారు.

కోడ్ రాసి బతికేవాణ్ణి, నాకు టూల్స్ మీద కోపం లేదు. కానీ కథలో ఏఐని ఎంత తిట్టినా, బొమ్మ దానితోనే గీయిస్తే ఆ తిట్టుకి బలం రాదు. ఆ బొమ్మ అడుగున, అడక్కుండా తీసుకున్న ఎవరి గీతలో ఉంటాయి. వంకరగా వచ్చినా సరే, మన చేత్తో గీసిందే కావాలి.